వారం మార్పిడి

"సార్, మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి."

డైనింగ్ టేబుల్ మీద స్పీకర్‌లో పెట్టిన ఫోనులోంచి ఒక అమ్మాయి గొంతు. పార్థసారథి కుర్చీలో ముందుకు జరిగి, ఎడమచేత్తో టేబుల్ అంచు పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఎదురుగా నిలబడ్డ సుధామయి పెదవులు ఆయన పేరుని చప్పుడు లేకుండా పలికాయి, తను కదిపితే ఆయనకు వస్తుందన్నట్టు.

"పా..." అన్నాడు పార్థసారథి. ఆగి గాలి పీల్చుకున్నాడు. "పాత్త... సా..."

"హలో? సార్, మీ వాయిస్ క్లియర్‌గా లేదు."

"పాత్త..."

సుధామయి ఫోను మీదికి వంగింది. "అమ్మా, నేను ఆయన భార్యని. ఆయనకి పోయిన ఆగస్టులో స్ట్రోక్ వచ్చింది. మాట నెమ్మదిగా వస్తుంది. మీరు చెప్పేదంతా అర్థమవుతుంది. కొంచెం ఆగితే ఆయనే చెప్తారు."

"మేడమ్, మెంబర్‌షిప్ సార్ పేరు మీద ఉంది. వేరే సంస్థ రిసార్ట్‌కి ఎక్స్‌చేంజ్ అంటే మెంబరే మాట్లాడాలి. కాల్ రికార్డ్ అవుతుంది."

"మాట్లాడుతున్నారు కదమ్మా. మీరు విననిస్తే కదా."

"సార్ మాట్లాడే పరిస్థితిలో ఉన్నప్పుడు చెయ్యండి మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

సుధామయి జవాబు వెతుక్కునేలోపే అవతల చిన్న సంగీతం మొదలై ఆగిపోయింది. పార్థసారథి ఫోనుని ఎడమచేత్తో బోర్లా తిప్పి పెట్టాడు. ఆ చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

యూనివర్సిటీ ఈతకొలను గట్టు మీద నిలబడి ఈ చివర నుంచి ఆ చివరికి వినబడేలా అరిచిన కోచ్ ఆయన. నీళ్ళలో తల మునిగి ఉన్న పిల్లలకు కూడా ఆ గొంతు అందేది.

"పోనీలెండి. మధ్యాహ్నం ఇంకెవరైనా ఎత్తుతారు," అంది సుధామయి.

"వద్దు."

ఆ మాట స్పష్టంగా వచ్చింది. వద్దు, చాలు, నీళ్ళు, ఇలాంటి చిన్న మాటలు బాగానే వస్తున్నాయి. తన పేరే ఆయనకు మరీ పెద్దదైపోయింది.

సుధామయి టిఫిన్ బాక్సు సర్దుకుంది. తార్నాక సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి పైన మెట్రో వెళ్తోంది. ఆ నీడ తన మీదుగా జారిపోయేదాకా ఆగి రోడ్డు దాటింది. క్యాంపస్ గేటు దాకా నడుస్తూ ఉన్నంతసేపూ ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబులు ఒక్కొక్కటే తడుతూ వచ్చాయి.

బోటనీ డిపార్ట్‌మెంట్‌లో ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే గది ఆమెది. పిల్లలు ఫీల్డ్ ట్రిప్ నుంచి తెచ్చిన మొక్కలు నొక్కి ఆరబెట్టే ప్రెస్సులో ఉన్నాయి. బెల్టులు వదులు చేసి, చెమ్మ పీల్చిన అట్టల్ని తీసి పొడివి పెట్టడం మొదలుపెట్టింది. ఒక తీగ ఆకులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. పట్టకారుతో ఒక ఆకుని నెమ్మదిగా వెనక్కి తిప్పి, వీపు కనబడేలా సర్ది, పైన కాగితం పరిచింది. ఆకు రెండు వైపులా కనబడకపోతే తర్వాత చూసేవాళ్ళకి అది ఏ మొక్కో తెలియదు.

"ఏమైందక్కా? ఫోన్ చేశారా?" ఆఫీసు గదిలోంచి హన్నా వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో క్లర్కు. బౌద్ధనగర్ నుంచి వస్తుంది. చేతిలో రెండు టీ కప్పులు.

సుధామయి జరిగింది చెప్పింది. హన్నా టీ తాగకుండానే వింది.

అసలు ఈ దారి చూపించింది హన్నాయే. సభ్యత్వం తీసుకున్న హాలిడే కంపెనీ తరఫున సుధామయి వాళ్ళకి కూనూరులో ఏటా దసరా సెలవుల్లో ఒక వారం ఉంది. రెండు పడగ్గదుల యూనిట్. కొండవాలు మీద కట్టిన రిసార్ట్ కాబట్టి గదికి మెట్లు, భోజనాల హాలుకి మెట్లు, కిందికి తేయాకు తోటల్లోకి వెళ్ళాలన్నా మెట్లే. ఈసారి ఆ మెట్లు ఎక్కే మనిషి లేడు. వాళ్ళ కంపెనీకే సముద్రం ఒడ్డున ఇంకో రిసార్ట్ ఉంది గాని, అక్కడ చక్రాల కుర్చీ పట్టే గదులు తక్కువ. అవి ఎప్పుడు అడిగినా నిండిపోయే ఉంటాయి.

"నీ కంపెనీ వాళ్ళ రిసార్టుల్లోనే అటూ ఇటూ మార్చుకోవడం ఒకటి," అని హన్నా పోయిన వారం విడమరిచి చెప్పింది. "అది కుదరలేదనుకో, మధ్యలో ఎక్స్‌చేంజ్ సంస్థ ఉంటుంది. నీ వారాన్ని తీసుకెళ్ళి వాళ్ళ దగ్గర పెట్టెయ్యాలి. ఎక్కడో ఇంకో కంపెనీ మెంబరు తన వారం పెడతాడు. అతనిది నువ్వు తీసుకోవచ్చు, నీది ఇంకెవరో తీసుకుంటారు. నీది అతనికే ఇవ్వాలని లేదు. మేం క్రిస్మస్‌కి ఏటా ఇలాగే కదా వెళ్ళేది."

"మనకి మంచిది వస్తుందని ఏమిటి నమ్మకం?"

"నువ్వు పెట్టినదాన్ని బట్టి. కొండ మీద దసరా వారం, రెండు గదులు. గట్టిదక్కా నీది. అయితే ముందుగా పెట్టాలి. రోజులు దగ్గరపడేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. ఇంకొకటి, ఒకసారి పెట్టాక అది మళ్ళీ నీకు రాదు. ఆలోచించుకుని పెట్టు."

కూనూరు వారం పూర్తి బలంతో పెట్టాలంటే మార్చి నెలాఖరు దాటకూడదు. అది మంగళవారంతో అయిపోతుంది.

"పేరు, పుట్టిన తేదీ, సరేనని ఒక మాట. అంతే కదక్కా వాళ్ళక్కావలసింది," అంది హన్నా ఇప్పుడు. గొంతు తగ్గించింది. "మా ఆయన ఆదివారం చర్చి నుంచి వస్తూ మీ ఇంటికి వస్తాడు. ఫోన్లో ఏ గొంతయితే ఏంటి? అన్నయ్యగారి పని అన్నయ్యగారి కోసమే కదా చేసేది."

సుధామయి ప్రెస్సు బెల్టు లాగి బిగించింది. వద్దనాలనే అనుకుంది. కానీ పొద్దున్న బోర్లా పడుకున్న ఫోనూ, దాని మీద ఆయన చెయ్యీ గుర్తొచ్చి, "సరే రమ్మను," అంది.

ఆదివారం మధ్యాహ్నం హన్నా భర్త ప్రేమ్ కుమార్ తెల్లచొక్కాలో వచ్చాడు. హైస్కూలు టీచరు, చర్చిలో పాటలు పాడే బృందానికి పెద్ద. పార్థసారథి లోపలి గదిలో మంచం మీద ఒత్తిగిలి ఉన్నాడు. నిద్రపోయాడనుకుని సుధామయి తలుపు దగ్గరగా వేసింది.

"నాకేం మనసొప్పడం లేదు అక్కయ్యగారూ," అన్నాడు ప్రేమ్ కుమార్ కాగితం మీద రాసిచ్చిన వివరాలు చూసుకుంటూ. "హన్నా చెప్పింది కాబట్టి వచ్చాను."

"నాకూ ఒప్పడం లేదండీ. రెండు నిమిషాల పని."

ఫోను కలిసింది. మరో అమ్మాయి. పేరు అడిగింది.

"పార్థసారథి మాట్లాడుతున్నానండీ," అన్నాడు ప్రేమ్ కుమార్. గట్టి గొంతు. పొందికగా, తడబాటు లేకుండా వచ్చింది. పుట్టిన తేదీ చెప్పాడు. అవతల కీబోర్డు టకటకలాడుతోంది. సుధామయి ఆ చప్పుడు వింటోంది.

"థాంక్యూ పార్థసారథి గారూ. మీ కూనూరు వారాన్ని..."

వెనక తలుపు తెరుచుకుంది. వాకర్ కాళ్ళు నేలమీద ఒకసారి తగిలి ఆగాయి. గుమ్మంలో పార్థసారథి నిలబడి ఉన్నాడు. ఆయన ప్రేమ్ కుమార్ వైపు చూడటం లేదు, సుధామయి వైపూ చూడటం లేదు. తన పేరుతో మర్యాదగా మాట్లాడుతున్న ఆ ఫోను వైపు చూస్తున్నాడు.

ప్రేమ్ కుమార్ చేతిలోని కాగితం దించాడు.

"సార్? లైన్లో ఉన్నారా? పార్థసారథి గారూ?"

ప్రేమ్ కుమార్ ఫోను కట్టేసి లేచి నిలబడ్డాడు. "తప్పు చేశాను అన్నయ్యగారూ. క్షమించండి."

పార్థసారథి వాకర్ నెట్టుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోయిన సుధామయి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"కూర్చో," అన్నాడు ప్రేమ్ కుమార్‌తో. "కాఫీ... తాగు."

ప్రేమ్ కుమార్ వెళ్ళిపోయాక సుధామయి కప్పులు తీయబోయింది.

"సుధా."

ఆమె ఆగింది.

"నేను... ఉన్నాను." ఊపిరి తీసుకున్నాడు. "ఇంట్లో... ఉన్నాను."

ఈ ఎనిమిది నెలల్లో మందులు, ఫిజియోథెరపీ, డాక్టర్ల అపాయింట్‌మెంట్లు అన్నీ ఆమే చూసింది. ఏ రోజూ విసుక్కోలేదు. ఎవరైనా "మీ వారెలా ఉన్నారు" అంటే ఆయన పక్కనే ఉన్నా తనే జవాబు చెప్పేది. అది ప్రేమ అనుకుంది. ప్రేమే అది. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అది ఎలా వినబడి ఉంటుందో ఆమె ఇవాళే చూసింది.

"ఇంకెప్పుడూ చెయ్యను," అంది.

సోమవారం ఉదయం ఆమె స్నానం చేసి వచ్చేసరికి పార్థసారథి చొక్కా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. గుండీలు ఒకటి ఎగువకి, ఒకటి దిగువకి పడ్డాయి. ఆమె సరిచెయ్యలేదు.

"ఎక్కడికండీ?"

"పూల్."

స్ట్రోక్ వచ్చిన తర్వాత ఆయన అటువైపు పోలేదు. పాత శిష్యులు వస్తామన్నా రానివ్వలేదు. సుధామయి ఆటో పిలిచింది. వాకర్ మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. క్యాంపస్‌లో రోడ్డు పక్క చెట్లు ఆకులు రాల్చి కొత్త చిగుళ్ళు వేస్తున్నాయి. వాకింగ్ ముగించినవాళ్ళు జావ అమ్మే బండి చుట్టూ నిలబడి ఉన్నారు.

కొలను దగ్గర ఇప్పుడు రఘువీర్ కోచ్. పార్థసారథి దగ్గర ఈత నేర్చుకున్నవాడే. గట్టు మీద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్! ఎన్ని దినాలయింది సార్! గీడ కూసోండ్రి, నీడ ఉన్నది. కుర్చీ తెస్తా."

పార్థసారథి తల అడ్డంగా ఊపి, నీళ్ళు శుభ్రం చేసే మోటారు గది వైపు చూపించాడు. అక్కడ చెవులు గింగురుమనే రొద. రఘువీర్ సుధామయి వైపు చూశాడు. ఆమె "ఆయన్నే అడుగు" అన్నట్టు భర్త వైపు చూసింది.

"అక్కడ," అన్నాడు పార్థసారథి. "నువ్వు... వెళ్ళు సుధా. డ్యూటీకి."

ఆమె ఒకసారి వెనక్కి చూసుకుని వెళ్ళింది.

ఆ పూటంతా మొక్కల్ని షీట్లకి అతికించింది. లావు కాడలకి జిగురు ఆగదు, సూదితో దారం వేసి కట్టాలి. ముడి వేస్తూ ఒకసారి వేలికి పొడుచుకుంది. లంచ్‌కి ముందే తాళం వేసి కొలను వైపు నడిచింది.

రఘువీర్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "పొద్దుగాల్నుంచి మోటర్ పక్కకే కూసున్నడు మేడం. ఏమో మాట్లాడుకుంటున్నడు. ఏంది సార్ అని పోతే, పో అన్నడు. పిల్లలు కూడా గాడికి పోతలేరు."

సుధామయి గోడ పక్క నుంచి చూసింది. పార్థసారథి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. తల కొంచెం పక్కకి తిప్పి నోటితో గాలి తీసుకున్నాడు, తల ముందుకు తెచ్చి వదిలాడు. వదులుతున్న గాలితో పాటు పెదవులు కదిలాయి. మళ్ళీ తల పక్కకి. నీళ్ళంటే భయపడే పిల్లలకి ఆయన మొట్టమొదట నేర్పేది అదే. పైకి తేలినప్పుడు తీసుకో, లోపల తీరిగ్గా వదులు, తొందరపడితే మింగేస్తావు. మాట రాకపోయినా ఎవరికీ వినబడని చోటు చూసుకుని కూర్చున్నాడని ఆమెకి అప్పుడు అర్థమైంది. దగ్గరికి వెళ్ళకుండా, ఆయన తనంతట తను ఆపేదాకా గోడ నీడలోనే నిలబడింది.

మంగళవారం ఆమె సెలవు పెట్టింది. పార్థసారథి పొద్దున్నే మజ్జిగ తాగి, టేబుల్ ముందు కూర్చుని, తనే నంబరు నొక్కాడు.

ఈసారి ఒక కుర్రవాడు. "నమస్తే, నా పేరు భానుప్రకాశ్. ఎవరు మాట్లాడుతున్నరు సార్?"

పార్థసారథి తల పక్కకి తిప్పి గాలి తీసుకున్నాడు. "పార్... థ." మళ్ళీ గాలి. "సా... రథి."

సుధామయి కుర్చీ వీపు పట్టుకుంది. అవతల నిశ్శబ్దం. ఫోను కట్టేశాడా?

"పార్థసారథి సార్. అంతేనా సార్?"

"అవును." గాలి. "నాకు... స్ట్రోక్. మాట... నెమ్మది."

"నిదానంగ చెప్పండి సార్. నేను లైన్ల ఉన్న."

పుట్టిన తేదీకి చాలాసేపు పట్టింది. సంవత్సరం దగ్గర నాలుక ఒకసారి అడ్డం తిరిగింది, ఆగి మొదటి నుంచి అన్నాడు. ఆ కుర్రవాడు ఒక్క అంకె కూడా ముందుగా అందించలేదు. అన్నీ అయ్యాక, "వివరాలు మ్యాచ్ అయినయి సార్," అన్నాడు. అతని గొంతులో కూడా ఏదో తేలికపడ్డట్టుంది. "ఇప్పుడు మీ కూనూరు దసరా వారం ఎక్స్‌చేంజ్‌కి పెట్టాలె. సరేనా సార్?"

"ఆగు," అన్నాడు పార్థసారథి. "ముందు... నా భార్య పేరు. చేర్చు. నాతో... సమానంగా."

"జాయింట్ మెంబర్‌గనా సార్? చేస్తా. మీ ఫోనుకు ఒక మెసేజ్ వస్తది, ఒప్పుకుంటే చాలు. మేడం పేరు?"

"సుధా... మయి."

సుధామయి ఆయన్నే చూస్తోంది. ఫోను టింగుమంది. ఆయన ఎడమ బొటనవేలితో తెర మీద నొక్కాడు.

"ఇగ వారం సార్?"

"రెండు గదులు," అన్నాడు పార్థసారథి. "మధ్యలో... తలుపు. తాళం... ఉంటుంది."

"అవును సార్, ఉన్నది. ఆ తలుపు ఏసేస్తే రెండు వేరే వేరే యూనిట్లయితయి. ఒకటి ఉంచుకొని రెండోది మాత్రమే పెట్టొచ్చు."

"అదే. చిన్నది... పెట్టు. పెద్దది... ఉంచు."

"ఏవండీ!" సుధామయి ఆగలేకపోయింది. "ఉంచుకుని ఏం చేస్తామండీ? ఆ మెట్లు మీరెలా ఎక్కుతారు?"

"నేను... కాదు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"ప్రతి ఏడూ... నేను గదిలో పడుకునేవాణ్ణి. నువ్వు... తిరిగేదానివి. ఆకులు... ఏరుకుంటూ." చాలా మాటలైపోయాయి. ఛాతీ పైకీ కిందికీ కదులుతోంది. వేలు ఎత్తి ఆగమన్నాడు. తర్వాత అన్నాడు. "నీ వారం... అది. నన్ను అడక్కుండా... ఇచ్చేస్తున్నావు."

"మిమ్మల్ని వదిలి ఎలా వెళ్తానండీ?"

"రఘువీర్... ఉంటాడు. నేను అడిగాను... నిన్న. హన్నాని... తీసుకెళ్ళు."

"మీకు సముద్రం చూపిద్దామని కదండీ నా తాపత్రయం."

"సముద్రం అని... నేను అన్నానా?" ఆయన ముఖంలో ఎడమవైపు నవ్వు కదిలింది. కుడివైపు కూడా కొంచెం దాని వెంట వెళ్ళింది. "నాకు... నీళ్ళు కావాలి. అల కాదు. పట్టుకోడానికి... కడ్డీ. దిగడానికి... మెట్లు."

భానుప్రకాశ్ నెమ్మదిగా అన్నాడు. "సార్, చిన్న యూనిట్ అయితే బలం కొంచెం తక్కువుంటది. అయినా దసరా వారమే కదా, మరీ తక్కువ కాదు. సీజన్ కాని నెలల అడుగుతే మంచి రిసార్ట్ దొరుకుతది. చక్రాల కుర్చీ పట్టే గది, ఈతకొలను ఉండాలని రాస్తా. ఏ నెల రాయమంటరు?"

"ఏ నెలైనా."

"మేడం, ఇప్పుడు మీరు కూడా మెంబరే. పెద్ద యూనిట్ దసరాకు మీ పేరున ఉంచమంటరా? మీరు చెప్పాలె."

సుధామయి నోరు తెరిచింది. ఇన్నేళ్ళుగా ఆ వారం సంగతి మాట్లాడుతూనే ఉంది. రైలు టికెట్లు, స్వెట్టర్లు, మందులు, అన్నీ మాట్లాడింది. నీకు కావాలా అని మాత్రం ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. తేయాకు తోటల వెనక తడిరాళ్ళ మీద మొలిచే ఫెర్న్ మొక్కలు, పొగమంచులో తను ఒక్కతే నడిచిన దారి కళ్ళముందుకొచ్చాయి.

"ఉంచండి," అంది. ఆ గొంతు తనకే కొత్తగా ఉంది. "దసరాకి నేను వెళ్తాను."

మర్నాడు ఈ మాట చెబితే హన్నా చేతిలో ఫైలు కింద పెట్టేసింది. "నేనా? దసరాకా? మా ఆయన పిల్లలకి వండిపెట్టాలా అయితే?" అని, మళ్ళీ తనే, "పెట్టనీలే, రెండు గొంతులతో మాట్లాడగలడుగా," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక హన్నా ఆమె చెయ్యి పట్టుకుని, "ఆదివారం సంగతికి నన్ను క్షమించక్కా," అంది.

శుక్రవారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. భీమిలి వైపు వేరే కంపెనీ రిసార్ట్‌లో నవంబరులో ఒక వారం. కింది అంతస్తు. ర్యాంప్ ఉంది. ఇష్టమైతే రేపటిలోగా ఖాయం చేసుకోమని రాశారు. ఈతకొలను ఉందని ఉంది గాని, దానికి మెట్లున్నాయా, కడ్డీ ఉందా అన్నది ఎక్కడా లేదు.

సుధామయి రిసార్ట్ నంబరు వెతికి నొక్కబోయింది. వేలు తెర మీదికి వెళ్ళి ఆగింది. ఫోను తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"మీరే కనుక్కోండి. పూల్ సంగతి నాకేం తెలుసు?"

వంటింట్లోకి వెళ్ళి బీరకాయ చెక్కు తీయడం మొదలుపెట్టింది. హాల్లోంచి అవతలి రింగు వినబడింది. ఎవరో ఎత్తారు. పార్థసారథి గాలి తీసుకోవడం, పేరు చెప్పడం, స్ట్రోక్ అనడం వినబడింది. తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. ఆమె కత్తిపీట దగ్గర నుంచి సగం లేచి మళ్ళీ కూర్చుంది.

"లోతు... ఎంత?" అంటున్నాడు ఆయన. "కాదు... అటు చివర కాదు. దిగే... చోట." అవతలి మనిషి ఏదో చెబుతున్నాడు. "కడ్డీ... ఏ వైపు? నాకు... ఎడమచెయ్యి. ఎడమ... దిగేటప్పుడా? ఎక్కేటప్పుడా?" మళ్ళీ అవతలి గొంతు. ఈసారి ఆయన గొంతు కాస్త పెరిగింది, పాత కోచ్ విసుగు తొంగిచూసింది. "తెలీకపోతే... వెళ్ళి చూసి రావయ్యా. నేను... ఆగుతాను."

అవతల ఎవరో చెప్పులు టపటపలాడించుకుంటూ కొలను వైపు వెళ్తున్న చప్పుడు స్పీకర్‌లో చిన్నగా వినబడింది. సుధామయి కాయ తిప్పి రెండోవైపు చెక్కు తీస్తూ ఆ మనిషి తిరిగి వచ్చేదాకా వింది.